కాయకక్షేత్రమున హింస – గణాచార ధర్మము

వీరశైవ ధర్మము లోకమునకు ప్రసాదించిన మహాభావములలో కాయకము ప్రధానమైనది. పన్నెండవ శతాబ్దమున కల్యాణ నగరమందు బసవేశ్వరుడు బిజ్జలుని కొలువులో భాండారిగా నుండియు, పనిని పూజతో సమానము గావించెను. బట్టలుతికెడు మడివాళ మాచయ్య, త్రాళ్లు పేనెడు నులియ చందయ్య, కట్టెలమ్మెడు మోళిగెయ మారయ్య, పడవ నడపెడు అంబిగర చౌడయ్య తమ వృత్తులను విడువకయే శరణులైరి. అల్లమప్రభువు శూన్యసింహాసనము నధిష్ఠించిన అనుభవ మంటపమున వీరందరును సమానముగా కూర్చుండి తత్త్వవిచారము చేసిరని సంప్రదాయము చెప్పుచున్నది. శరీరశ్రమతో చేయబడునది కాయకము. దాని ఫలమును సంఘమున కర్పించుట దాసోహము. ఈ రెండును శరణజీవితమునకు రెండు కన్నులు.

పని పూజయైనచో, పని జరుగు చోటు పూజాగృహము కావలయును గదా! పూజాగృహమున ఒకడు మరియొకని చెంపపై కొట్టినను, ఒక స్త్రీ చేయి పట్టి లాగినను భక్తులు సహింతురా? సహింపరు. కాని అదే పని అంగడిలోనో, మిల్లులోనో, కచేరిలోనో జరిగినపుడు “పనిచేయు చోట ఇవన్నియు మామూలే” యని తల వంచుకొని పోవుట వాడుకయైనది. ఈ వాడుక కాయక సిద్ధాంతమునకు గొడ్డలిపెట్టు.

హింస యనగానే కర్రలు, కత్తులు మాత్రమే మనసున మెదలరాదు. లెక్క తప్పిన గుమాస్తాను పదిమంది యెదుట బూతులు తిట్టుట హింస. ఇటుకబట్టీలో కూలివానిని అప్పు పేరు చెప్పి కదలనీయకుండుట హింస. దుకాణమున పనికి కుదిరిన కుఱ్ఱవానిపై చేయి చేసికొనుట హింస. మేస్త్రీ కూలి స్త్రీతో “నేను చెప్పినట్లు వినినచో రేపు పని కలదు, లేనిచో లేదు” అనుట హింస. ఆ మాటలోని అర్థము ఆమెకును తెలియును, ప్రక్కనున్నవారికిని తెలియును. చికిత్స ఫలింపలేదను దుఃఖముతో రోగి బంధువులు వైద్యునిపై, నర్సుపై పడి కొట్టుటయు హింసయే. చేయి తాకినను తాకకున్నను, భయముచే నొకరిని లొంగదీయునది యేదైనను హింసయే.

లింగధారి దేహము శివుని నివాసము. దేహమే దేవాలయమను భావమును బసవేశ్వరుడు ప్రచారము చేసెను. ఆ దేవాలయము యజమానికి ఒక విధముగను, కూలివానికి మరియొక విధముగను ఉండదు. మెడలో లింగమున్నవానిని మాత్రమే గౌరవించి, లేనివానిని కొట్టవచ్చునని శరణులెన్నడును చెప్పలేదు. దయను ధర్మమునకు మూలముగా నెన్నిన గురువునకు శిష్యులమని చెప్పుకొనువారికి సకల ప్రాణులును దయకు పాత్రములే.

ఇక ముఖ్యవిషయము. హింస చేయకుండుట ఒక ధర్మము. జరుగుచున్న హింసను చూచి మౌనముగా నుండకపోవుట రెండవ ధర్మము. పంచాచారములైన లింగాచారము, సదాచారము, శివాచారము, గణాచారము, భృత్యాచారములలో నాలుగవదియగు గణాచారము ఈ రెండవదానినే బోధించుచున్నది. శివునకును శివభక్తులకును జరుగు అవమానమును విని ఊరకుండరాదనుట దాని సారము. కాయకము శివపూజయైనపుడు, కాయకము చేయువానికి కలుగు అవమానము శివనింద గాక మరేమి? అట్టి నిందను చెవిని బెట్టి కూడ “మనకెందుకు” అనుకొనువాడు నొసట విభూతి ధరించినను గణాచారమునకు దూరమైనవాడే.

కాని దోషమును ఎట్లు చెప్పవలయును? ఆయ్దక్కి లక్కమ్మ చరిత్ర దీనికి చక్కని మార్గము చూపుచున్నది. ఆమె భర్త మారయ్య కల్యాణమున నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి దాసోహము చేయువాడు. ఒకనాడు నిత్యము కంటె అధికముగా తెచ్చెను. లక్కమ్మ దానిని చూచి సంతోషింపలేదు. అవసరమునకు మించినది ఆశకు గుర్తని, తెచ్చిన చోటనే విడిచి రమ్మని భర్తతో స్పష్టముగా చెప్పెను. భర్త తప్పును కప్పిపుచ్చుట పాతివ్రత్యమని ఆమె యెంచలేదు. తప్పు పిడికెడు గింజలంత యున్నపుడే చెప్పెను. గాదె నిండువరకు వేచియుండలేదు. కార్యాలయమున జరుగు హింసయు ఇట్టిదే. అది మొదట వెకిలిమాటగా వచ్చును. ఎవరును అడ్డుపడనిచో చేయి చాచును. అప్పటికిని అడ్డు లేనిచో ప్రాణమునకే ముప్పు తెచ్చును. మొదటి మాటనాడే చెప్పుట నివారణోపాయములలో శ్రేష్ఠము.

ఇచట నొక సందేహము కలుగవచ్చును. గణాచారమనగా ఆయుధము పట్టుటయే యని కొందరు తలంతురు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున, శివభక్తులైన హల్లయ్య, మధువయ్యల కన్నులను బిజ్జలుడు తీయించుటయు, పిదప జగదేవుడు మొదలగువారు బిజ్జలుని వధించుటయు వర్ణింపబడినవి. ఆ కథను చదువునపుడు నాటి స్థితిని గమనింపవలయును. ఆనాడు నేరము చేసినవాడు రాజే, తీర్పు చెప్పవలసినవాడును రాజే. మొర వినుటకు మరియొక పీఠము లేకుండెను. అయినను ఆ రక్తపాతమునకు ఫలితమేమి? కల్యాణము కల్లోలమయ్యెను, శరణులు చెల్లాచెదరైరి. నేడు పరిస్థితి వేరు. యజమాని నేరము చేసినచో వాని మాటయే తుది తీర్పు కాదు. మొర వినుటకు చట్టము కలదు, పీఠము కలదు. కావున నేటి గణాచారమునకు ఆయుధము ఫిర్యాదు పత్రమే.

ఆ చట్టమును ఒక సామాన్య స్త్రీ కన్నీరు తెచ్చినది. 1992లో రాజస్థానమందలి ఒక పల్లెలో, ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమమున పనిచేయుచున్న ఆమె, ఒక పసిబిడ్డ వివాహమును ఆపుటకు యత్నించెను. ఆ పగతో తనపై సామూహికముగా అత్యాచారము జరిపిరని ఆమె ఫిర్యాదు చేసెను. 1995లో క్రింది న్యాయస్థానము నిందితులను అత్యాచార నేరమునుండి విడుదల గావించెను. అయినను ఆమె నోరు మూయలేదు. మహిళాసంఘములు సర్వోన్నత న్యాయస్థానము నాశ్రయించెను. 1997 ఆగస్టు 13న వెలువడిన ఆ తీర్పునకు విశాఖ తీర్పని పేరు. అది మన విశాఖపట్టణమును బట్టి గాక, న్యాయస్థానమున కెక్కిన సంఘమును బట్టి వచ్చిన పేరు. పనిచేయు చోట స్త్రీకి రక్షణ కల్పించుట యజమాని విధియని ఆ తీర్పు శాసించెను. దాని ఫలితముగా వచ్చిన చట్టము 2013 డిసెంబరు 9 నుండి అమలులోనున్నది.

ఆ చట్టము ప్రకారము పదిమందియు అంతకు మించియు పనిచేయు ప్రతి సంస్థలోను అంతర్గత సంఘము నేర్పరుపవలయును. దానికి ఆ సంస్థలో ఉన్నతోద్యోగము చేయు స్త్రీ అధ్యక్షురాలు. సభ్యులలో కనీసము సగముమంది స్త్రీలు. బయటివారొకరు తప్పక యుండవలయును. పదిమందికి తక్కువగానున్న చోట్లను, యజమానిపైననే ఫిర్యాదు కలిగినపుడును జిల్లా స్థాయిలోని స్థానిక సంఘమును ఆశ్రయింపవచ్చును. ఇండ్లలో పాచిపని చేయు స్త్రీకిని ఈ రక్షణ కలదు. ఘటన జరిగిన మూడు మాసములలో వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయవలయును. తగిన కారణమున్నచో మరి మూడు మాసములు గడువు నీయవచ్చును. వ్రాయజాలని స్త్రీకి సంఘమువారే తోడ్పడవలయును. విచారణ 90 దినములలో ముగియవలయును. ఆమె కోరినచో విచారణ కాలమున బదిలీగాని, మూడు మాసముల వరకు సెలవుగాని యిప్పింపవచ్చును. ఆమె పేరు వెల్లడి చేయరాదు. సంఘము నేర్పరుపని యజమానికి 50,000 రూపాయల వరకు జరిమానా కలదు.

“అబద్ధపు ఫిర్యాదులు వచ్చునే” యని శంకించువారు కలరు. దుర్బుద్ధితో కల్పించినదని విచారణలో తేలినచో చర్యకు ఆ చట్టముననే అవకాశము కలదు. కాని సాక్ష్యము చాలనంత మాత్రమున ఫిర్యాదు అబద్ధమనరాదని కూడ అదే చట్టము చెప్పుచున్నది.

పురుషులకును బాలురకును ఈ చట్టము వర్తింపకపోయినను వారు దిక్కులేనివారు కారు. కొట్టుట, బెదిరించుట ఎవరిపై జరిగినను నేరమే. నేరమెచట జరిగినను ఏ పోలీసు ఠాణాలోనైనను తెలుపవచ్చును. కులము పేరుతో దళిత గిరిజనుల నవమానించువారికి 1989 నాటి చట్టమును, వెట్టిచాకిరి చేయించువారికి 1976 నాటి చట్టమును, ఆసుపత్రి సిబ్బందిపై దాడి చేయువారికి మన రాష్ట్రమున 2008లో వచ్చిన చట్టమును కలవు. ఆపదలోనున్నవారు 112 సంఖ్యకును, స్త్రీలు 181 సంఖ్యకును టెలిఫోను చేయవచ్చును.

ఫిర్యాదు చేయువారు కొన్ని జాగ్రత్తలు వహింపవలయును. జరిగిన దినము, వేళ, స్థలము, అన్న మాటలు, చూచినవారి పేర్లు ఆనాడే కాగితముపై వ్రాసి యుంచవలయును. ఉత్తరములు, ఫోనులో వచ్చిన సందేశములు చెరుపరాదు. దెబ్బ తగిలినచో వైద్యుని చీటి తీసికొనవలయును. ఫిర్యాదు నకలుపై ముట్టినట్లు సంతకము పొందవలయును. నమ్మదగిన ఒకరికి వెంటనే చెప్పుట అన్నిటికంటె ముఖ్యము. ఒంటరియైనవారినే హింసించువాడు ఎన్నుకొనును.

ఇంటివారి బాధ్యత ఇంకను గొప్పది. కూతురో కోడలో పని నుండి వచ్చి, “రేపటి నుండి నేను పోను” అన్నచో, “వచ్చు జీతమును కాలదన్నెదవా?” అని కసరరాదు, “నీవేమి చేసితివి?” అని ఎదురు ప్రశ్న వేయరాదు. ప్రక్కన కూర్చుండి వినవలయును. పరువు పోవునని దాచిన ప్రతి ఇల్లును, తెలియకయే రేపు మరియొక ఇంటి ఆడబిడ్డను అదే గోతిలోనికి నెట్టుచున్నది. పరువు పోవలసినది చేసినవానికి, చెప్పినదానికి కాదు.

యజమానులలో లింగవంతులును అనేకులు కలరు. వారు ఉదయమున లింగపూజ చేసి అంగడి తెరచువారు. పనివారితో మర్యాదగా మాటలాడుట, రాత్రివేళ స్త్రీని ఒంటరిగా పనిలో నుంచకుండుట, ఎవరితో మొర పెట్టుకొనవలయునో గోడపై వ్రాసి యుంచుట, మొర పెట్టినవారిపై కక్ష సాధింపకుండుట – ఇవియును వారి నిత్యపూజలోని అంగములే. బసవేశ్వరుడు అంత పెద్ద పదవిలోనుండియు అందరికంటె తానే చిన్నవాడనని భావించెను. అదియే భృత్యాచారము.

మఠముల విషయమును దాటిపోరాదు. మఠమున వంటవారు, తోటపనివారు, విద్యాసంస్థలలో ఉపాధ్యాయినులు, వసతిగృహములలో ఆయాలు పనిచేయుచున్నారు. కావున మఠమును కాయకక్షేత్రమే. చట్టము దానికిని వర్తించును. ఆశ్రయము పొందిన బాలబాలికలపై లైంగిక హింస జరిగినదని తెలిసినచో, 2012 నాటి చట్టము ప్రకారము తెలిసిన ప్రతివారును పోలీసులకు తెలుపవలసినదే. తెలుపకుండుటయే నేరము, సంస్థ నడుపువారికి శిక్ష మరింత యధికము. “పీఠమునకు మచ్చ వచ్చును” అని దాచుట భక్తి కాదు. పీఠమునకు మచ్చ సత్యము వలన రాదు. దాచుట వలన వచ్చును. లక్కమ్మ తన పతికే దోషము చూపినది గదా. శిష్యులు మఠమునకు చూపుట ద్రోహమెట్లగును?

కావున సద్భక్తులు తమ యింటను, అంగడిలోను, మఠమునందును ఈ విషయమును చర్చింపవలయును. రాబోవు బసవ జయంతికి పల్లకి యుత్సవముతో పాటు, ప్రతి సంస్థయు తన అంతర్గత సంఘ సభ్యుల పేర్లను బహిరంగముగా ప్రకటించినచో అది గురువునకు సమర్పించిన మంచి పుష్పమగును. చేయి పనిచేయుటకును, దాసోహమున కిచ్చుటకును, లింగము నర్చించుటకును శివుడిచ్చినది, కొట్టుటకు కాదు. నోరు శివనామమును పలుకుటకిచ్చినది. అన్యాయము కన్నులయెదుట జరుగునపుడు ఆ నోట సత్యము పలుకుటయు శివనామమే.

శరణు శరణార్థి.