కత్తెరకై విడిచిన కుట్లు

స్కాట్లాండునకు ఉత్తరమున, సముద్రమధ్యమున షెట్లాండ్ దీవులు గలవు. అచ్చట చెట్లు తక్కువ, గాలి ఎక్కువ, గొఱ్ఱెలు విస్తారము. ఆ దీవుల స్త్రీలు తరతరములుగా ఉన్ని దుస్తులు అల్లి, ఆ సంపాదనతో సంసారములు ఈదుకొని వచ్చిరి. ఆ దీవులలో నొకటియైన ఫెయిర్ ఐల్ పేరుననే వారి రంగురంగుల అల్లిక లోకమున ప్రసిద్ధి కెక్కినది.

ఈ స్వెట్టరును వారు ముక్కలుగా అల్లి అతుకరు. గొట్టమువలె గుండ్రముగా అల్లుకొని పోవుదురు. ఒక్కొక్క వరుసలో రెండు రంగుల దారములు నడచును. గుండ్రముగా అల్లినప్పుడు మేలుముఖమే ఎల్లప్పుడు కన్నుల యెదుట నుండును గనుక పూవు తప్పినచో వెంటనే తెలియును, చేయియు వేగముగా సాగును. అయితే గొట్టములో చేతులు దూర్చు త్రోవ యేది? ముందు భాగము తెరచుకొనుట యెట్లు? అల్లిక ముగిసిన పిమ్మట కత్తెర తీసికొని నిలువున కత్తిరించుదురు! మన నరసాపురము వైపున లేసు అల్లు సోదరీమణులు ఇది విని గుండెమీద చేయి వేసికొందురేమో. ఒక్క పోగు తెగినయెడల ఎంత పని పాడగునో వారికి తెలియును.

అల్లికలో ఒక గొప్ప సదుపాయమున్నది. తప్పు పడినచో అంతవరకు విప్పి, అదే దారముతో మరల అల్లవచ్చును. కత్తెర పడిన తరువాత ఆ మాట లేదు. మరల సరిదిద్దరాని పనిని మనుష్యుడు ఎప్పుడు చేయవచ్చును? ధైర్యమున్నప్పుడు అని కొందరందురు. మాకట్లు తోచదు. ధైర్యము త్రాగినవానికిని ఉండును.

ఆ స్త్రీ చేయుపని చూడుడి. చంక యొద్దకు వచ్చినప్పుడు ఆమె ఎనిమిదో పదియో కుట్లు అదనముగా వేసికొనును. పూవుతో వాటికి సంబంధము లేదు. ఆనాటినుండి ప్రతి చుట్టులోను వాటినికూడ అల్లుచు వచ్చును. వాటికి ‘స్టీక్’ అని పేరు. ఆ స్కాట్లాండు మాటకు కుట్టు అనియు, మూయుట అనియు అర్థములు. కత్తెర నడచునది ఆ కుట్ల నడుమనే. కాబట్టి కోత ఆ దినపు నిర్ణయము కాదు, ఎన్నడో చేసిన నిర్ణయము. పైగా ఆ ఉన్ని వెండ్రుకకు చేప పొలుసులవంటి సూక్ష్మమైన పొలుసులుండి ఒకదానినొకటి పట్టుకొనును. అల్లిక పైనుండి క్రిందికి జారినంత సులభముగా ప్రక్కకు జారదు. పట్టు, ప్రత్తి దారములకు ఈ పట్టు లేదు; వాటిని ముందు మిషనుతో కుట్టవలెను. నార్వే దేశస్థులు ఉన్నికి సహితము కోతకు ఇరువైపుల కుట్టు వేసిన తరువాతనే కత్తెర పెట్టుదురు.

మన పల్లెలలో అన్నదమ్ములు వేరుపడుటయు ఇట్టి కోతయే. తండ్రి బ్రదికియుండగనే పొలము కొలిపించి, బావి ఉమ్మడిగా విడిచి, తల్లి ఎవరియింట ఉండవలెనో మాటలాడుకొని వేరుపడిన ఇండ్లు గలవు. కళ్లములో ధాన్యము కొలుచు దినమున మాట మీద మాట పెరిగి, ఆ సాయంకాలమే నడుమ గోడ లేచిన ఇండ్లును గలవు. అచ్చట కత్తెర పూవుమీదనే నడచినది. అట్లని ఎన్నడును కోయకుండుటయే ప్రేమ యని చెప్పజాలము. ఉమ్మడి యను పేరు నిలుపుటకై తోడికోడండ్రు ఇరువదేండ్లు కన్నీళ్లతో వండిన ఇల్లు, చేతులు దూర్చ వీలులేని గొట్టమువంటిది. చూచుటకు చక్కగా నుండును, తొడుగుకొనువారు లేరు.

యోహాను సువార్త 19వ అధ్యాయములో ప్రభువు అంగీకి కుట్టు లేదని చదువుదుము. సైనికులు దానిని చింపక చీట్లు వేసికొనిరి. అది వారి దయ కాదు. నేసిన చేయి దానిలో చీలికకు చోటు విడువలేదు. చింపిన ముక్కతో ఎవరికిని లాభము లేదు. కోత పని అల్లినవారిదే కావలెనని మాకు తోచును. ఒక్కొక్క వరుసకు ఎంత సమయము పట్టినదో ఎరిగిన చేయి తొందరపడదు.

అయినను అందరికిని ముందుగా కుట్లు విడుచు అవకాశముండదు. త్రాగి కొట్టు భర్త యొద్దనుండి రాత్రివేళ బిడ్డతో వెడలివచ్చిన స్త్రీని, ముందే ఏల ఆలోచింపలేదని అడుగుట క్రూరత్వము. స్టీకు లేని చోట కోయవలసి వచ్చినప్పుడు ఆ అల్లికవారేమి చేయుదురు? కోయవలసిన గీతకు ఇరుప్రక్కల గట్టిగా కుట్లు వేసి, ఆ మీదట కోయుదురు. ఆ స్త్రీకి ఆ కుట్టు తానై వేసికొనుటకు సమయము చిక్కలేదు. తలుపు తీసిన పొరుగింటివారు, బియ్యము కొలిచి యిచ్చినవారు, పెద్దలయెదుట ఆమె పక్షమున నిలిచినవారు కోసిన తరువాతనైనను ఆ కుట్టు వేయుచున్నారు. నిందించువారు దారము లాగుచున్నారు.

కోసిన అంచునుండి కుట్లు ఎత్తుకొని షెట్లాండ్ స్త్రీ చేతులు అల్లుట మొదలిడును. మిగిలిన అంచును రెండు మూడు కుట్ల వెడల్పునకు కత్తిరించి, లోపలికి మడిచి, సూదితో అణచి కుట్టును. తొడుగుకొని ఉతికిన కొలది ఆ ఉన్ని అట్టకట్టి ఒకటగును. స్వెట్టరు త్రిప్పి చూచినయెడల లోపలివైపున ఆ అంచులు కనబడును.