బిడ్డను అప్పగించు కాగితము

ధ్యానభాగము: నిర్గమకాండము 2:1–10



ఏటి యొడ్డున ఫరో కుమార్తె ఒక స్త్రీకి పసివానిని అప్పగించి, తన కొరకు పెంచుమనియు, జీతమిత్తుననియు చెప్పెను. అదియు ఒక ఒప్పందమే. ఆ స్త్రీ వాని కన్నతల్లియని మనమెరుగుదుము. ఆమె జీతము పుచ్చుకొన్నందున ఆమె ప్రేమ తగ్గలేదు. అయితే ప్రేమయున్నచోట షరతులెందుకని కొందరడుగుదురు.

మా సంఘములోని ఒక యువతి పట్టణమందు పనిలో చేరి, రెండేండ్ల కుమారుని అక్కడి శిశు సంరక్షణ కేంద్రములో చేర్చదలచెను. నాలుగు పుటల ఇంగ్లీషు కాగితము తెచ్చి, "అయ్యగారూ, సంతకం ఎక్కడ పెట్టాలండీ?" అని మమ్మునడిగెను. అందులో ఏమున్నదో మేము చూడవలసినది. చూడక, వ్రేలితో చోటు చూపితిమి. ఆ తప్పు మాది.

నెల తిరుగకముందే ఒక సాయంకాలము తల్లికి పని ఆలస్యమై, నాయనమ్మ బిడ్డకొరకు పోయెను. కేంద్రమువారు ఇయ్యలేదు. "నా మనవణ్ణి నాకివ్వననడానికి మీరెవరు?" అని ఆమె వాకిట కూర్చుండి యేడ్చెను. తల్లి వచ్చిన పిమ్మట ఆలస్యమునకు రుసుము కూడ కట్టవలసి వచ్చెను.

మరునాడు ఆ కాగితమును మాయెదుట పెట్టిరి. అప్పుడు చదివితిమి. పేర్లు వ్రాయించినవారికే బిడ్డను అప్పగింతుమని ఒక షరతు. ఆవరణములో బిడ్డకు ఏ హాని కలిగినను తమకు బాధ్యత లేదని మరియొకటి. మొదటిది నాయనమ్మను ఏడ్పించినది గాని, బిడ్డను కాపాడునది అదే. రెండవది ఎవరిని ఏడ్పింపలేదు గాని, కీడు అందులోనే యున్నది.

కాగితమును గుచ్చి గుచ్చి చదువుట అపనమ్మకమని తలంచువారున్నారు. యిర్మీయా దేవుని మాటనుబట్టియే అనాతోతులోని పొలమును కొనెను. అయినను 17 తులముల వెండి తూచి, క్రయపత్రము వ్రాసి, సాక్షులను పెట్టి, ముద్ర వేసెను (యిర్మీయా 32:9–14). పొలమునకే అంత జాగ్రత్తయైతే, నోరులేని బిడ్డకెంత కావలెను! 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము మైనరు ఒప్పందము చేసికొనజాలడు. మన చేయియే వాని చేయి.

కావున సంతకమునకు ముందు ఈ సంగతులు అడుగుడి. ఏ వేళనుండి ఏ వేళవరకు చూతురు? జ్వరము వచ్చిన ఎవరికి కబురుచేయుదురు, ఏ ఆసుపత్రికి తీసికొనిపోవుదురు? బిడ్డను మాన్పించిన అడ్వాన్సు తిరిగి వచ్చునా? తల్లి ఎప్పుడైనను లోపలికి వచ్చి చూడవచ్చునా? 2017లో ప్రసూతి ప్రయోజన చట్టమును సవరించినప్పుడు, 50 మందికి తక్కువ కాని పనివారున్నచోట శిశుగృహ సౌకర్యముండవలెననియు, తల్లిని దినమునకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లనియ్యవలెననియు వ్రాసిరి. తల్లికి మూసియుంచు తలుపును నమ్మకుడి. మితిమీరిన డిపాజిట్టు అడుగుటవంటి అన్యాయపు షరతులపై రాష్ట్ర వినియోగదారుల కమిషనుకు ఫిర్యాదు చేయుటకు 2019 నాటి చట్టము త్రోవ చూపినది.

అయితే మాటకు నిలువవలసినవారు కేంద్రమువారు మాత్రమే కారు. ఉదయమున జ్వరపు మందు త్రాగించి, ఏమియు చెప్పక బిడ్డను దింపిపోవు తల్లిదండ్రులున్నారు. తక్కిన పసివారి సంగతేమి? మనము ఆలస్యముగా పోయినప్పుడు అక్కడి ఆయమ్మ పిల్లలు తమ తల్లికొరకు ఎదురుచూచుచుందురు.

మనము జీతమిచ్చి కొనునది ఆమె వేళను, ఆమె శ్రమను. బాధ్యత కొనబడునది కాదు, అమ్మబడునది కాదు. రుసుము కట్టితిమని తల్లిదండ్రులు దానిని దింపుకొనలేరు. కాగితములో ఒక వాక్యము వ్రాసితిమని కేంద్రమువారును దేవునియెదుట దానినుండి తప్పించుకొనలేరు.

ఆ యువతి తిరిగి వెళ్లి నాయనమ్మ పేరు చేర్పించెను. రెండవ షరతు కొట్టివేయుడని అడుగగా, "అందరికీ ఇదే కాగితమమ్మా" అనిరి. ఆమె మరల అడుగబోవుచున్నది. ఈసారి మేమును వెంట పోవుదుము. మీయొద్ద అట్టి కాగితములున్న, ఆదివారము ఆరాధన పిమ్మట తెండి; తెలుగులో చదివి చెప్పెదము. ఇకమీదట చదువక చోటు చూపము.