దేవహూతి అడిగిన ప్రశ్న

కుమార్తెల వివాహములు ముగిసినవి. కుమారునకు ఉద్యోగము లభించినది. ఇంటి ఋణము తీరినది. "ఇక నేను చేయవలసిన దేమి?" అను ప్రశ్న అప్పుడు మనస్సున ఉదయించును. ముప్పది యేండ్లు ఇతరుల కొఱకే మేల్కొని, వండి, ఆర్జించినవారికి, తమకై మిగిలిన కాలము వరముగా గాక భారముగా తోచుటయు కలదు. ఇట్టి స్థితిలో నున్నవారికి శ్రీమద్భాగవతము తృతీయస్కంధమునందు ఒక తల్లిని ఆదర్శముగా చూపుచున్నది. ఆమె దేవహూతి.

స్వాయంభువ మనువు కుమార్తె యగు దేవహూతి కర్దమ ప్రజాపతిని పరిణయమాడి, తొమ్మండుగురు కుమార్తెలను, పిదప భగవదంశయైన కపిలుని కనెను. అనసూయ అత్రిమహర్షికిని, అరుంధతి వసిష్ఠమహర్షికిని ఇల్లాండ్రైరి. కుమార్తెలందఱును అత్తవారిండ్లకు తరలిన పిమ్మట కర్దముడు సన్న్యసించి వనమునకేగెను. ఆమె తన కర్తవ్యము ముగిసినదని ఊరకుండలేదు. కుమారుని చెంతకు వచ్చి, ఇంద్రియతృష్ణచే తాను విసిగితిననియు, అజ్ఞానము తొలగు మార్గమును బోధింపుమనియు అడిగెను.

పెంచిన బిడ్డయెదుట శిష్యురాలై నిలుచుట సులభము కాదు. ఆస్తిని పంచి యిచ్చియు అధికారమును విడువలేక, వంటయింటి తాళపుచెవికై కోడండ్రతో కలహించు పెద్దలను మనము చూచుచునే యున్నాము. క్రొత్త జీవితమును కోరువారు మొదట విడువవలసినది ఇంటిని కాదు. "నాకన్నియు తెలియును" అను భావమును. దేవహూతి దానిని విడిచినది. అందుచేతనే ఆమెకు సాంఖ్యమును, భక్తియోగమును లభించినవి.

ఉపదేశానంతరము కపిలుడు తల్లి అనుమతి గైకొని వెడలిపోయెను. తత్త్వమెఱిగియు ఆ తల్లి కుమారుని ఎడబాటునకు పరితపించినదని భాగవతము దాచక చెప్పుచున్నది. కావున పిల్లలు దూరదేశములకేగిన తల్లి కంటతడి పెట్టుట తప్పు కాదు. ఆ దుఃఖముతోనే ఆమె సాధన సాగించి, సిద్ధిని పొందినది. గుజరాత్‌లోని సిద్ధపురమున బిందుసరోవరతీరమునందు నేటికిని యాత్రికులు తల్లులకు శ్రాద్ధము నిర్వర్తింతురు. ఆ క్షేత్రము మాతృగయ యని ప్రసిద్ధము.

సర్వప్రాణులయందును ఉన్న భగవంతుని ఉపేక్షించి విగ్రహమును మాత్రమే అర్చించుట నిష్ఫలమని కపిలుడు తల్లికి బోధించెను. మన శేషజీవితమునకు వృత్తిని నిర్ణయించు మాట యిది. పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయుడు వీధిలోని పేదబాలురకు సాయంకాలము లెక్కలు నేర్పవచ్చును. ఇల్లు నడిపిన గృహిణికి పదిమందికి వడ్డించు నేర్పు సహజముగానే కలదు. తిరుమలలో 2000వ సంవత్సరమున ప్రారంభమైన శ్రీవారి సేవలో భక్తులు కూరగాయలు తఱుగుట, అన్నప్రసాదము వడ్డించుట వంటి పనులను భక్తితో చేయుచున్నారు. ఇంట చేసిన పనియే అది. తనవారికి చేసినది ఇప్పుడు అందఱికిని చేయుట మాత్రమే భేదము.

వయస్సు మీఱినదని సంకోచింపనక్కఱలేదు. చదువని గ్రంథమును చదువుటకును, ఎఱుగని విద్యను చిన్నవారి యొద్దనైనను నేర్చుటకును, ఎఱిగిన విద్యను పంచుటకును నేడే శుభదినము. గృహధర్మమును మనచే నెఱవేర్పించిన శ్రీనివాసుడే తరువాతి ధర్మమును మనకు చూపి, చేయి పట్టి నడిపించుగాక!