పదేండ్లంటే ఎన్నేండ్లు?

మా బావ ఆధార్ కార్డు మీద పుట్టిన తేదీ 01-01-1971 అని ఉంటుంది. మా గూడెంలో జనవరి ఒకటో తేదీన పుట్టినవాళ్లు ఇరవై మందికి తక్కువ ఉండరు. కార్డులు ఇచ్చేటప్పుడు మనిషిని చూసి ఒక సంవత్సరం అంచనా వేశారు, దానికి ముందు సున్నా ఒకటి, సున్నా ఒకటి పెట్టారు. మా బావని అడిగితే, ఎనభై నాలుగు తుపానుకి ఈతచెట్టు ఎక్కగలిగినంత ఉన్నానని చెప్తాడు. కార్డు మీద తేదీ నిజం కాదని రాసినవాళ్లకి తెలుసు, ఆయనకి తెలుసు, బ్యాంకులో ఉన్నవాళ్లకీ తెలుసు. అయినా ఇన్నేండ్లలో ఒక్కరు కూడా దాన్ని అబద్ధం అనలేదు.

అదే మనిషి నోటి నుంచి వచ్చిన ఇంకో అంకెని మాత్రం అబద్ధానికి సాక్ష్యంగా పెట్టారు. దాని గురించే ఈ నాలుగు మాటలు. నేను టీటీసీ చదివి పిల్లలకు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, న్యాయశాస్త్రం చదివినవాణ్ణి కాదు. కానీ ఈ గొడవలో తిరిగినప్పుడు నిజం గురించి నాకు కొన్ని అనుమానాలు వచ్చాయి. అవి నా తోటి టీచర్లకీ, మన చదువుకుంటున్న పిల్లలకీ చెప్పాలనిపించింది.

బావ కోట దగ్గర రొయ్యల గుంటల మీద కాపలా ఉంటాడు. రాత్రంతా టార్చి లైటు పట్టుకుని కట్టల మీద తిరగాలి, ఏరేటర్లు ఆగిపోతే లేచి పరిగెత్తాలి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను పోయిన వారానికి ఆయనకు గుండెలో నొప్పి వచ్చింది. అర్ధరాత్రి ఆటోలో గూడూరు, అక్కణ్ణించి అంబులెన్సులో నెల్లూరు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టెంటు వేశారు. బతికాడు. బిల్లు 1,85,000 రూపాయలు అయింది.

ఆరోగ్యశ్రీ లేదా అని మీరు అడుగుతారు. 2007లో మొదలైన ఆ పథకం మన కులాల్లో ఎంతమందిని బతికించిందో నాకు తెలుసు. ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్యసేవ. కానీ దానిలోకి వెళ్లే దారి బియ్యం కార్డు మీదుగా పోతుంది. వలలు లాగి, సున్నం చల్లి చేతులు అరిగిపోయిన మనిషికి మిషను మీద వేలిముద్ర పడలేదు. వేలిముద్ర పడక కార్డులో పేరు పోయింది. దాన్ని తిరిగి ఎక్కించడానికి తిరగాల్సింది నేనే, తిరగలేదు. దానికి బదులు సులువుగా ఉందని 2021లో, కరోనా భయంలో, బ్యాంకులో ఒక ప్రైవేటు ఆరోగ్య బీమా కట్టాను. ఫారం నేనే నింపాను. గుండెజబ్బు ఉందా, బీపీ ఉందా, షుగరు ఉందా, ఆయాసం ఉందా అని వరసగా అడిగారు. అన్నిటికీ లేదు, లేదు, లేదు అని టిక్కులు పెట్టుకుంటూ పోయాను. బావని ఒక్కొక్కటీ అడిగి పెట్టానా అంటే, పెట్టలేదు. అడిగినా ఏం చెప్పేవాడు? ఆయన చేతికి బీపీ పట్టీ చుట్టింది నెల్లూరు ఆసుపత్రిలోనే మొదటిసారి. నిజమైన జవాబు ‘తెలియదు’. ఆ ఫారంలో ‘తెలియదు’కి గడి లేదు.

ఆసుపత్రిలో చేరిన రాత్రి ఒక చిన్న డాక్టరు, చూస్తే మా పెద్ద పిల్లోడి వయసే, ఎన్నాళ్ల నుంచి ఆయాసం ఉందని అడిగాడు. మా బావ, ఆక్సిజను గొట్టం ముక్కులో పెట్టుకుని, ‘పదేండ్ల కాడ్నించీ ఉండాదయ్యా’ అన్నాడు. ఆ అబ్బాయి కేసు షీటులో ‘10 సంవత్సరాలుగా ఆయాసం’ అని ఇంగ్లీషులో రాసుకున్నాడు.

నాలుగో రోజు బీమా కంపెనీ నుంచి జవాబు వచ్చింది. జబ్బు పాలసీకి ముందు నుంచే ఉంది, ఫారంలో దాచిపెట్టారు, కాబట్టి క్లెయిం తిరస్కరిస్తున్నాం అని.

బావకి డిశ్చార్జి కావాలంటే డబ్బు కట్టాలి. నా దగ్గర అరవై వేలు ఉన్నాయి. మిగిలింది గుంటల యజమాని ఇచ్చాడు. ఆయన చెడ్డవాడేం కాదు, రాత్రి పదకొండింటికి ఫోను చేస్తే డబ్బు పంపాడు. కానీ మన వాళ్లకి ఆ అప్పు అంటే ఏమిటో ఈ పుస్తకం చదివేవాళ్లకి విడమరచి చెప్పక్కర్లేదు. వెట్టి చాకిరీ రద్దు చట్టం వచ్చింది 1976లో. చట్టం వచ్చినా, లక్షా పాతిక వేలు బాకీ ఉన్న మనిషి ‘నాకు ఒంట్లో బాగలేదు, కాపలా మానేస్తా’ అని యజమానితో అనలేడు. స్టెంటు వేయించుకున్న మనిషి నెల తిరక్కుండానే మళ్లీ కట్టల మీదికి వెళ్లాడు. మా అక్క రాత్రుళ్లు ఆయన వెంట వెళ్లి అక్కడే పడుకునేది.

ఇక అసలు సంగతి. డిశ్చార్జి రోజు, ఆసుపత్రిలో బీమా కాగితాలు చూసే ఒకతను నన్ను పక్కకి పిలిచి, సాయం చేద్దామన్నట్టే చెప్పాడు: ‘సార్, డాక్టరుగారిని బతిమాలుకుని పది సంవత్సరాలు అన్నదాన్ని పది రోజులు అని మార్పించుకోండి. చిన్న పని. డబ్బులు వచ్చేస్తాయి.’

నాకు ఆశ పుట్టింది, దాచుకోవడం ఎందుకు. ఒక్క మాట మారితే అప్పు తీరుతుంది. కంపెనీ మాత్రం ధర్మం పాటించిందా? మనం పాటించాలా? అందులోనూ ఆ అంకె మొదటే తప్పు, తప్పుని ఇంకో తప్పుతో సరిచేస్తే పాపమేమిటి అని కూడా అనుకున్నాను. ఇంటికొచ్చి బావకి చెప్పాను.

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు: ‘నేను పదేండ్లనే అన్నా అయ్యోరా. అనింది అన్లేదని ఎట్టా అంటా?’

టీచరునని నన్ను ఎగతాళిగా అయ్యోరా అంటాడు. ఆ రోజు ఎగతాళి లేదు. ‘పోనీలే, రాలేదు, అంతే’ అని పక్కకి తిరిగి పడుకున్నాడు.

ఆ ‘పోనీలే’ నాకు నిద్ర పట్టనివ్వలేదు. మన వాళ్లు ఎక్కడ కాదంటే అక్కణ్ణించి లేచి వచ్చేస్తారు. ఆఫీసులో కాదన్నారు, వచ్చేశాం. షాపులో కసిరారు, వచ్చేశాం. దీన్ని మంచితనం అనుకునేవాళ్లు ఉన్నారు, చేతగానితనం అనేవాళ్లూ ఉన్నారు. నాకు రెండూ కాదనిపిస్తుంది. తెల్లవాళ్ల కాలంలో మన వాళ్లలో ఎంతోమందిని నేరస్త జాతుల చట్టం కింద పెట్టారు. కావలి దగ్గర కప్పరాళ్లతిప్పలో సెటిల్మెంటు పెట్టి, యానాదులనూ ఎరుకలనూ ఉంచి, హాజరు వేసుకునేవాళ్లు. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952లో. కాగితం మీద పుట్టుకతోనే దొంగ అని రాయించుకున్న జాతికి, కాగితంతో వాదన పెట్టుకోవడం కంటే లేచి వచ్చేయడం మేలనిపించడంలో ఆశ్చర్యం ఏముంది? ఇప్పుడు మళ్లీ ఒక కాగితం ‘దాచిపెట్టారు’ అంటోంది. ఆ మాటని అలాగే వదిలేసి రావడం కూడా, అవును దాచాం అని ఒప్పుకున్నట్టే కదా అనిపించింది నాకు.

అంటే అంకె మార్చనూ కూడదు, ఊరుకోనూ కూడదు. మరి ఏం చేయాలి?

నేను కంపెనీ వైపు నుంచి కూడా ఆలోచించాను. బీమా అంటే పదిమంది వేసిన డబ్బు. మా నాన్న రోజుల్లో వాగులో వల వేస్తే, జ్వరంతో గుడిసెలో పడుకున్నవాడికి కూడా నాలుగు చేపలు పంపేవాళ్లు. కానీ జ్వరం లేనివాడు జ్వరమని పడుకుంటే? వాడికి మర్నాటి నుంచి వాటా ఉండేది కాదు, పైగా నిజంగా జ్వరం వచ్చినవాణ్ణి కూడా అనుమానంగా చూసేవాళ్లు. కాబట్టి ‘నిజం చెప్పు’ అని కంపెనీ అడగడంలో తప్పు లేదు. బీమా ఒప్పందానికి నిజాయితీయే పునాది అని కోర్టులు కూడా చాలాసార్లు అన్నాయి. అయితే 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. అమెరికా ప్రయాణానికి బీమా తీసుకుని, అక్కడ దిగగానే గుండెపోటు వచ్చిన ఒకాయన కేసు. ఆయన కొన్ని సంగతులు దాచాడని కంపెనీ డబ్బు ఇవ్వలేదు, కోర్టు ఇప్పించింది. తెలిసినదాన్ని చెప్పాల్సిన బాధ్యత మనిషి మీద ఉంటుంది కానీ, తెలియనిదాన్ని చెప్పలేదని తప్పు పట్టకూడదన్నది ఆ తీర్పులో నాకు అర్థమైన సంగతి.

తెలియనిదాన్ని దాచడం కుదరదు. ఈ ముక్క దొరికాక నాకు కాస్త ధైర్యం వచ్చింది.

ఇంకో ముక్క బడిలో దొరికింది. నాలుగో తరగతి పిల్లోణ్ణి ‘నిన్న ఎందుకు రాలేదురా’ అంటే, ‘మా అమ్మకి వందసార్లు చెప్పినా సార్, లేపలేదు’ అన్నాడు. నేను వాణ్ణి వందసార్లు ఎక్కడ చెప్పావురా అని అడగలేదు. వాడు అబద్ధం చెప్పాడనీ అనుకోలేదు. మా బావకి ‘పదేండ్లు’ అంటే కూడా అంతే: శానా కాలం. లెక్క కాదు, బరువు. కష్టం చేసే మనిషి ఎవరికి ఆయాసం ఉండదు? ఆ మాటని అంకెలో రాసుకున్న చిన్న డాక్టరు కూడా మోసగాడు కాదు, అర్ధరాత్రి పని చేస్తున్న పిల్లోడు. ఒకరు అన్న మాటకి ఇంకొకరు వేరే అర్థం రాసుకున్నారు. అటువంటప్పుడు చెప్పినవాడి అర్థం చెల్లుతుందా, రాసుకున్నవాడి అర్థం చెల్లుతుందా? మన జీవితంలో ఎప్పుడూ రాసుకున్నవాడిదే చెల్లింది. నేను బడిలో రాసుకునేవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్న నన్ను కొంచెం ఎక్కువే బాధపెట్టింది.

అందుకని డాక్టరు దగ్గరికి వెళ్లి, ఉన్నది కొట్టెయ్యొద్దు, కింద ఇంకో మాట కలపండి అని అడిగాను. ఆయన మొదట ఇబ్బంది పడ్డాడు. రెండోసారి వెళితే కూర్చోబెట్టి, రోగి ‘పదేండ్లు’ అన్నది వాడుకగా అన్న మాట, అంతకుముందు గుండెజబ్బుకి పరీక్షగానీ వైద్యంగానీ జరిగిన రికార్డు ఏదీ లేదు అని తన లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టాడు. మార్చడానికీ, చేర్చడానికీ మధ్య నాకు తేడా కనబడింది. మారిస్తే ఆయన అన్న మాట పోతుంది. చేరిస్తే ఆ మాటా ఉంటుంది, దాని అర్థమూ ఉంటుంది. చూసేవాడు రెండూ చూసి తేల్చుకోవచ్చు.

తర్వాతి పని గురించి ఎక్కువ చెప్పను, కానీ మీకు పనికొస్తుందని దారి చెప్తాను. ముందు కంపెనీలో ఫిర్యాదులు చూసే అధికారికి రాతపూర్వకంగా పెట్టాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఏడాది లోపల బీమా అంబుడ్స్‌మన్‌కి రాసుకోవచ్చు. మన రాష్ట్రానికి ఆ ఆఫీసు హైదరాబాదులో ఉంది. ఫీజు లేదు, వకీలు పని లేదు. తీర్పు ఇస్తే కంపెనీ దానికి కట్టుబడాలి, మనకి నచ్చకపోతే కోర్టుకి పోవచ్చు. పాలసీ కాగితం, తిరస్కరించిన ఉత్తరం, కేసు షీటు నకలు, బిల్లులు అన్నీ దాచుకోండి. ఆసుపత్రి కేసు షీటు నకలు అడిగే హక్కు రోగికి ఉంది. 155255కి ఫోను చేస్తే బీమా నియంత్రణ సంస్థ వాళ్లు కూడా ఫిర్యాదు తీసుకుంటారు.

కంపెనీ మాకు రెండు లైన్ల ఈమెయిలు పంపింది, ‘మా నిర్ణయంలో మార్పు లేదు’ అని. అంబుడ్స్‌మన్‌కి రాశాం. విచారణ వీడియోలో పెట్టారు. బడిలో ఆఫీసు గదిలో, అలమర మీద పుస్తకాలు పేర్చి ఫోను ఆనించి, బావని కూర్చోబెట్టాను. తెల్లచొక్కా వేసుకొచ్చాడు. నేను మాట్లాడదామనుకున్నాను. కానీ అవతలాయన, మీరే చెప్పండి అని బావనే అడిగారు. ఆయాసం ఎన్నాళ్ల నుంచి అన్నారు.

‘శానా రోజులుగా ఉండాదయ్యా. పరిగెత్తితే వొస్తాది, కూసుంటే పోతాది.’

పదేండ్లని చెప్పారట కదా?

‘చెప్పినానయ్యా.’

నా గుండె జారింది. నేను కాగితాల్లోంచి ఆధార్ నకలు తీసి, అయ్యా, ఈయన పుట్టినరోజు ఎప్పుడో కూడా ఒకసారి అడగండి అన్నాను. అడిగారు. బావ తుపాను కథ చెప్పాడు, ఈతచెట్టుతో సహా. అవతల కంపెనీ తరఫున కూర్చున్న అమ్మాయి నవ్వు ఆపుకోవడం కనబడింది. వెక్కిరింపుగా నవ్వలేదు, ఆ అమ్మాయిది కూడా ఏదో పల్లెటూరే అయి ఉంటుంది.

చివరికి రాజీ కుదిరింది. కంపెనీ 1,40,000 ఇస్తానంది. నేను వద్దందామనుకున్నాను, ఎందుకంటే ఆ రాజీ కాగితంలో ఎక్కడా ‘ఈయన దాచలేదు’ అన్న మాట లేదు. నాకు ఆ మాట కావాలి. డబ్బు ఇచ్చి మాట ఇవ్వకపోతే, దయతలచి ఇచ్చినట్టే కదా? 1992లో బెంగాల్లో ఒక కూలీ రైల్లోంచి పడి, వరసగా సర్కారు ఆసుపత్రులు తిరిగితే ఎక్కడా మంచం దొరకలేదు. 1996లో సుప్రీంకోర్టు ఆయనకి 25,000 ఇప్పించింది. ఆ తీర్పులో డబ్బు కంటే పెద్దది, అత్యవసర వైద్యం అందకపోవడం జీవించే హక్కుకి భంగం అన్న మాట. అటువంటి మాట ఒకటి మా బావకీ రావాలని నా ఆశ.

బావ ఒప్పుకున్నాడు. ‘నీకు మాట గావాల, నాకు బాకీ దీరాల’ అన్నాడు. యజమాని డబ్బు కట్టేసి, మిగిలింది అక్క చేతికిచ్చి, నెల తర్వాత రాత్రి కాపలా మానుకున్నాడు. పగలు మేత వేసే పని చూసుకుంటున్నాడు, కూలి తక్కువ. ఆయన చేసింది తప్పని నేను అనలేను. పోరాడింది నేను, బాకీ మోసింది ఆయన. బియ్యం కార్డులో పేరు ఎక్కించే పని మాత్రం ఈసారి వదల్లేదు, కంటిపాపతో పట్టించి ఎక్కించాం.

మొన్న బడిలో చేర్చడానికి ఒక తల్లి పిల్లని తీసుకొచ్చింది. పుట్టిన తేదీ కాగితం లేదు. ఎప్పుడు పుట్టిందమ్మా అంటే, తుపానులో అంది. మామూలుగా అయితే అంచనాకి ఏదో తేదీ రాసేసేవాణ్ణి, ఇరవై ఏండ్లుగా ఎంతమందికి రాశానో. ఈసారి పెన్ను పక్కన పెట్టి, ఏ తుపానమ్మా, రాత్రా పగలా, కరెంటు పోయిందా అని అడగడం మొదలుపెట్టాను. నివర్ తుపాను అని తేలడానికి అరగంట పట్టింది.

‘ఇన్ని అడుగుతుండారేంది సార్, ఏదో ఒకటి రాసుకోండి’ అందామె.