పాపమా? రోగమా?

వరంగల్‌లో మండీబజారు వైపో, మట్టెవాడ వైపో ఒక ఇల్లు ఊహించుకోండి. పెద్ద కొడుక్కి ముప్ఫై ఏళ్లు. మూడు నెలలుగా మద్యం ముట్టలేదు. అయిదు పూటలా మస్జిద్‌కు వచ్చాడు. ఆ తర్వాత పది రోజులు మంచం దిగలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. రాత్రుళ్లు నిద్ర లేదు. పదకొండో రోజు తాగి వచ్చాడు. "వీడి తౌబా ఒట్టి బూటకం. గుమ్మం దాటించండి" అన్నాడు తండ్రి. "వాడికి బాగోలేదండీ, వాడి తప్పేమీ లేదు" అని ఏడ్చింది తల్లి. ఈ ఇద్దరిలో ఎవరి మాట నిజం?

ఇలాంటి ఇళ్లు మనం అనుకునే దానికంటే ఎక్కువ. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ 2019లో వెలువరించిన సర్వే ప్రకారం, మద్యం తెచ్చిన సమస్యల్లో చిక్కుకొని సహాయం అవసరమైనవారు మన దేశంలో 5 కోట్ల 70 లక్షలకు పైగా ఉన్నారు. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మిగతావారికి అందేది తరచూ తిట్లు, లేదా మౌనం.

మద్యం నిషిద్ధం. ఇందులో ఏ విశ్వాసికీ సందేహం లేదు. అల్లాహ్ దాన్ని షైతాన్ చేష్టల్లో ఒకటిగా పేర్కొని దూరంగా ఉండమని ఆజ్ఞాపించాడు (ఖుర్ఆన్, 5:90). మందుగా వాడుకుంటానని అడిగిన వ్యక్తికి సైతం దైవప్రవక్త (స) అది మందు కాదు, రోగమని తెలియజేశారు (ముస్లిం). ఈ మాటను మనం కాస్త ఆగి ఆలోచించాలి. దిగులు భరించలేక, గుండెదడ తగ్గక, నిద్ర పట్టక చాలామంది తాగడం మొదలుపెడతారు. ఆ పూటకు ఊరట దొరికినట్టే ఉంటుంది. కానీ మద్యం నిద్రను చెడగొడుతుంది, దిగులును పెంచుతుంది. పెరిగిన దిగులు మళ్లీ సీసా వైపు నెడుతుంది. మందనుకున్నది రోగమై కూర్చుంటుంది. అందుకే మానసిక రోగం, వ్యసనం రెండూ ఉన్నవారికి రెంటికీ కలిపి చికిత్స చేయాలంటారు వైద్యులు. ఒకదాన్ని వదిలేస్తే అది రెండోదాన్ని తిరిగి పిలుచుకొస్తుంది.

మరి తప్పు ఎవరిది? నిద్రపోయేవాడు మేల్కొనే వరకు, పిల్లవాడు పెద్దయ్యే వరకు, మతి తప్పినవాడికి మతి కుదిరే వరకు వారి కర్మలు లిఖించే కలం ఎత్తి ఉంచబడుతుందని దైవప్రవక్త (స) తెలిపారు (అబూదావూద్). అంటే బుద్ధి ఉన్నంత మేరకే బాధ్యత. అయితే దిగులు ఉన్న ప్రతివాడూ మతి తప్పినవాడు కాడు. ఆ యువకుడికి మనసు పూర్తిగా చేజారలేదు, పూర్తిగా చేతిలోనూ లేదు. ఎంత మేరకు చేతిలో ఉందో కచ్చితంగా తూచగలవాడు అల్లాహ్ ఒక్కడే. ఆ త్రాసు మన చేతికి ఇవ్వలేదు. మనకు అప్పగించింది వేరే పని.

ఆ పని ఏమిటో సహీహ్ బుఖారీలోని ఒక సంఘటన చెబుతుంది. దైవప్రవక్త (స) కాలంలో అబ్దుల్లాహ్ అనే ఆయన ఉండేవారు. దైవప్రవక్త (స)ను నవ్విస్తుండేవారు. తాగి పట్టుబడి మాటిమాటికీ శిక్షకు వచ్చేవారు. ఒకసారి పక్కనున్న వ్యక్తి విసుగెత్తి ఆయన్ను శపించాడు. దైవప్రవక్త (స) వెంటనే వారించారు. ఆయన అల్లాహ్‌నూ, ఆయన ప్రవక్తనూ ప్రేమించేవాడని సాక్ష్యమిచ్చారు. గమనించండి: శిక్ష ఆగలేదు. ఆగింది శాపం. తప్పును తప్పన్నారు, కానీ మనిషిని సమాజం నుంచి నెట్టివేయలేదు. మాటిమాటికీ జారిపడేవాడి గుండెలోనూ దైవప్రేమ ఉండగలదని మనకు నేర్పారు. పై ఇంట్లోని తండ్రికీ తల్లికీ ఇద్దరికీ ఇందులో జవాబు ఉంది.

కొందరు, "నిజంగా తౌబా చేసినవాడు ఈ క్షణమే మానేయాలి, ఆసుపత్రి ఎందుకు?" అంటారు. మానాలన్న సంకల్పం ఈ క్షణమే జరగాలి, నిజమే. కానీ ఏళ్ల తరబడి తాగిన శరీరం హఠాత్తుగా ఆపితే వణుకు, ఫిట్స్, మతిభ్రమ రావచ్చు. ప్రాణమూ పోవచ్చు. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో, 2020 లాక్‌డౌన్‌లో మద్యం దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రిలో జనం ఈ స్థితిలో బారులు తీరారు. కాబట్టి వైద్యుని పర్యవేక్షణలో మానడం తౌబాను వాయిదా వేయడం కాదు, తౌబాను నిలబెట్టుకునే మార్గం. మనల్ని మనం నాశనంలోకి నెట్టుకోరాదన్నది కూడా దైవాజ్ఞే (2:195).

మరికొందరు "జిన్ను పట్టింది" అంటూ రోగిని ఊరూరా తిప్పుతారు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా సమీపంలో గొలుసులతో కట్టివేసిన మానసిక రోగులు మంటల్లో చిక్కుకొని 28 మంది మరణించారు. ఇది మన సముదాయం మరచిపోకూడని గుణపాఠం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. దుఆ చేయండి, ఖుర్ఆన్ చదివి ఊదండి. వాటితోపాటు చికిత్స కూడా చేయించండి. చికిత్స చేసుకోమన్నది దైవప్రవక్త (స) ఉపదేశమే. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ అనే ముస్లిం పండితుడు శరీరానికీ మనసుకూ ఉమ్మడిగా ఆరోగ్య గ్రంథం రాశారు. మనకిది కొత్త దారి కాదు.

కాకతీయ వైద్య కళాశాలకు అనుబంధమైన ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ సలహాదారులు ఉచితంగా మాట్లాడతారు. డాక్టరు ఇచ్చిన మాత్రలను "ఇదీ ఒక మత్తే" అని మధ్యలో మాన్పించకండి. రమజాన్‌లో మాత్రల వేళలను సొంతంగా మార్చకుండా ముందే వైద్యుణ్ణి అడగండి. రోగికి ఉపవాసంలో మినహాయింపు ఇచ్చినవాడు అల్లాహ్ (2:185).

ఒక హెచ్చరిక. దయ అంటే భార్యాబిడ్డలు దెబ్బలు తింటూ ఊరుకోవడం కాదు. రోగం ఇతరులను హింసించడానికి అనుమతిపత్రం కాదు. వారిని సురక్షితంగా ఉంచడం మొదటి బాధ్యత. దుర్మార్గుణ్ణి దౌర్జన్యం నుంచి ఆపడమే అతనికి చేసే సహాయమని దైవప్రవక్త (స) బోధించారు.

సోదరా, నువ్వే ఆ యువకుడివైతే నీకూ ఒక మాట. వణికే చేతికి, కమ్ముకొచ్చే దిగులుకు నువ్వు జవాబు చెప్పుకోనక్కర్లేకపోవచ్చు. కానీ ఆ దిగులు వచ్చిన మొదటి రోజే ఇంట్లో చెప్పడం, మాత్ర మింగడం, జారిపడ్డ రోజున కూడా మస్జిద్ గుమ్మం తొక్కడం నీ చేతిలో ఉన్న పనులు. వాటిని వదలకు. అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందకు.

మొన్న తాగినవాడు ఈ రోజు స్నానం చేసి వెనుక వరుసలో నిలబడితే, పక్కవాడు జరిగి భుజం కలిపి చోటివ్వాలి. అల్లాహ్ మనకు అలాంటి గుండెను, వ్యాధిగ్రస్తులందరికీ సంపూర్ణ స్వస్థతను ప్రసాదించుగాక! ఆమీన్.