ఏటి సూతకంలో రాయని కట్టుబాట్లు

తల్లి గానీ తండ్రి గానీ పోయిన ఇంట్లో పదిరోజుల మైల తీరినా ఏటి సూతకం మిగిలే ఉంటుంది. సంవత్సరీకం అయ్యేదాకా చాలా తెలుగు హిందూ కుటుంబాల్లో పండగ చేసుకోరు, శుభకార్యం తలపెట్టరు, కొండ మీది గుళ్లకు వెళ్లరు. కులాన్ని, ప్రాంతాన్ని బట్టి వివరాలు మారతాయి. దుఃఖానికి ఒక గడువు ఉండటం, ఆ గడువులో ఇంటిని ఎవరూ సంబరానికి తొందరపెట్టకపోవడం ఈ ఆచారంలోని మేలు.

చిక్కు పెళ్లీడు పిల్లల దగ్గర వస్తుంది. కొన్ని కుటుంబాల్లో ఇదే సూతకానికి తలకిందులైన మాట ఒకటి వినిపిస్తుంది: ఏడాది తిరక్కుండా పెళ్లి చేసెయ్యాలి, లేదా మూడేళ్లు ఆగాలి. డిగ్రీ చదువుతున్న అమ్మాయికి హడావిడిగా సంబంధాలు చూస్తారు. పెద్దకొడుకు చదువు ఆపి తండ్రి కొట్లో కూర్చుంటాడు. నిజానికి ఎవరూ ఆజ్ఞాపించరు. “మీ నాన్న ఆత్మ శాంతిస్తుందమ్మా” అని ఒక పెద్దమ్మ అంటే చాలు. బతికున్నవాళ్ల మాటయితే కాదనవచ్చు; పోయినవాళ్ల కోరికగా చెప్పినదాన్ని కాదంటే ప్రేమ లేనట్టే లెక్క. ఈ కట్టుబాటు బలమంతా అక్కడుంది.

గ్రంథాలు ఇంత బిగువుగా లేవు. ప్రేతాన్ని పితృదేవతల్లో కలిపే సపిండీకరణం అసలు ఏడాది చివర జరగాలి. ఆయుష్షు నిలకడలేనిదన్న కారణంతో దాన్ని పన్నెండో రోజునే చేయడానికి శాస్త్రకారులు ఒప్పుకున్నారు. ఇప్పుడు ఎక్కువగా జరిగేది అదే. శుభకార్యం తప్పనిసరైనప్పుడు కూడా సపిండీకరణాన్ని గడువుకు ముందే చేయవచ్చన్నారు. కొడుకు లేకపోతే భార్యకు, కూతురికి అంత్యక్రియల అధికారం చెప్పారు. అయినా కూతురు తలకొరివి పెడితే ఊరు ఇప్పటికీ వింతగానే చూస్తుంది.

మనుస్మృతి రెండో అధ్యాయం ధర్మానికి నాలుగు ఆధారాలు చెబుతుంది: వేదం, స్మృతి, సదాచారం, ఆత్మతుష్టి. నాలుగోది ఎవరి ఇష్టం వారిదని కాదు. మేధాతిథి వంటి వ్యాఖ్యాతలు దాన్ని వేదం తెలిసిన సజ్జనుల తృప్తికే పరిమితం చేశారు. ఇరవయ్యేళ్ల పిల్ల దాన్ని తనకు అన్వయించుకునే వీల్లేదని వాదించవచ్చు. అదే కొలత మూడోదానికీ వర్తించాలి కదా. సదాచారమంటే సజ్జనుల నడవడి, బంధువుల్లో చెల్లుబాటయ్యే ప్రతి మాటా కాదు. మూడేళ్ల లెక్కకు ఆ హోదా ఇవ్వడం పస లేని తర్కం.

అయితే తర్కంలో నెగ్గినంత మాత్రాన కట్టుబాటు సడలదు. ఉదాహరణకు, వితంతు పునర్వివాహాన్ని చట్టం 1856లోనే అంగీకరించింది. ఆంధ్రదేశంలో కందుకూరి వీరేశలింగం శాస్త్రప్రమాణాలతోనే వాదించినా, తొలి పెళ్లి రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న గానీ జరగలేదు. బాలవితంతువు గౌరమ్మను గోగులపాటి శ్రీరాములు పెళ్లాడాడు. మధ్యలోని 25 ఏళ్లూ అడ్డుపడింది వెలి భయం. దానికి చట్టమూ అక్కర్లేదు, సంతకమూ అక్కర్లేదు. పురోహితుడు రాకపోతే, వంటవాడు రాకపోతే, పంక్తిలో పక్కన కూర్చునేవాడు లేకపోతే సరిపోతుంది. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బుతో నిలబడ్డాడు, వీరేశలింగం శిష్యులు మనుషుల బలంగా నిలబడ్డారు. వెలిని ఎదుర్కొనే అండ దొరికాకే శాస్త్రంలో ఉన్న అనుమతి ఆ జంటకు అక్కరకొచ్చింది.