గుమ్మం ముందరి ఇల్లడ

మన ఆలయానికి వచ్చే కుటుంబాలలో పార్సిల్ రాని ఇల్లు ఉండదు. పుస్తకాలు, పిల్లల బూట్లు, మందులు, పండుగ చీరలు, చివరకు పప్పు దినుసులు కూడ నేడు అట్టపెట్టెలలో గుమ్మానికే వచ్చి చేరుతున్నవి. తెచ్చిన మనిషి గంట మోగించి, పెట్టెను గడప వద్ద ఉంచి, ఫోటో తీసుకొని, తలుపు తెరుచుకొనేలోపే బండి ఎక్కి వెళ్ళిపోతాడు. ఇంట ఎవరూ లేని నాడు ఆ పెట్టె సాయంకాలం వరకు దారిన పోయేవారందరి కంట పడుతూ ఉంటుంది. ఇంగ్లండులో ఇది ఎవరికీ వింత కాదు. అయినను ఇందులో ఒక ధర్మప్రశ్న ఉన్నది. ఇచ్చినవాడు వెళ్ళిపోయినాడు, పుచ్చుకోవలసినవాడు ఇంకా రాలేదు. ఈ నడిమి వేళలో ఆ వస్తువు ఎవరి కాపుదలలో ఉన్నట్లు?

ఈ దేశపు చట్టం ఒక సమాధానం చెప్పుచున్నది. 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం, దుకాణదారు పంపిన సరుకు కొన్నవాని చేతికి గాని, అతడు పేర్కొన్న మనిషి చేతికి గాని చేరేవరకు నష్టభారం అమ్మినవానిదే. పొరుగువారికి ఇమ్మని మనమే చెప్పి ఉంటే, వారి చేతికి అందినప్పటినుండి ఆ భారం మనది. ఇది న్యాయమైన ఏర్పాటే. అయితే పోయిన సొమ్ము ఎవరు భరించవలెనో మాత్రమే చట్టం తేల్చుతుంది. ఎదురింటి గడప మీద వానకు తడుస్తున్న పెట్టెను కిటికీలోనుండి చూసిన మనము ఏమి చేయవలెనో అది చెప్పదు.

ఇందుకు మన భాషనే అడిగి చూద్దాము. మా సాయంకాలపు తరగతిలో పిల్లలు ‘పార్సిల్ వదిలి వెళ్ళినారు’ అని సరిగానే వ్రాస్తారు. ‘పార్సిల్ అప్పగించి వెళ్ళినారు’ అని వ్రాస్తే మాత్రం వెంటనే ‘ఎవరికి?’ అనే ప్రశ్న పుడుతుంది. వదలడానికి ఒక్కరు చాలును. అప్పగించడానికి ఇద్దరు కావలెను. పెండ్లిలో అప్పగింతలు చూసిన పిల్లలకు ఈ భేదం విడమరచి చెప్పనక్కరలేదు. కూతురి చేతిని అత్తమామల చేతులలో పెట్టినప్పుడే ఆ మాటకు అర్థం నిండుతుంది. ఒకరిని నమ్మి దాచమని ఇచ్చిన సొమ్మును మన పెద్దలు ‘ఇల్లడ’ అన్నారు. సంస్కృతంలో అదే నిక్షేపం.

మనుస్మృతి చెప్పిన 18 వ్యవహార పదాలలో, అనగా తగవులకు తావైన విషయాలలో, అప్పు తరువాత రెండవది నిక్షేపమే. యాజ్ఞవల్క్యస్మృతి ఇంకొక అడుగు ముందుకు వేసి, లోపల ఏమున్నదో చెప్పకుండ పెట్టెలో మూసి ఇచ్చిన వస్తువుకు ‘ఉపనిధి’ అని వేరుగా పేరు పెట్టినది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర అనే వ్యాఖ్యను ఆధారంగా చేసుకొని, 13వ శతాబ్దంలో కేతన తెలుగులో విజ్ఞానేశ్వరీయమును రచించినాడు. మూసిన పెట్టెను గురించిన ఆలోచన మనకు ఈనాటిది కాదు.

ఆ ధర్మశాస్త్రం పెట్టిన నియమాలు సరళమైనవి. ఇచ్చినది ఇచ్చినట్లే తిరిగి ఇవ్వవలెను. దానిని తన ఇష్టప్రకారం వాడుకొన్నవాడు దండనకు పాత్రుడు. అడిగినప్పుడు ఇవ్వక, ఆ తరువాత పోగొట్టితే దాని వెలతోపాటు అంతే మొత్తం జరిమానా కూడ చెల్లించవలెను. పంచతంత్రంలో ఇనుప త్రాసును దాచమని పుచ్చుకొని, ‘ఎలుకలు తినివేసినవి’ అన్న వర్తకుని కథ పిల్లలకు ఇష్టమైనది. త్రాసు పోయిన వర్తకుడు అతని కుమారుని దాచి, ‘డేగ ఎత్తుకొని పోయినది’ అనేసరికి త్రాసు తిరిగి వచ్చినది.

కాని ఆ కథలోని వర్తకుడు త్రాసును చేతులతో అందుకొన్నాడు. మన గడప మీది పెట్టెను ఎవరూ అందుకోలేదు. పుచ్చుకోనివానికి బాధ్యత ఎక్కడిది అని ఎవరైనా అడుగవచ్చును. ‘నేను తెమ్మనలేదు, పెట్టుమనలేదు, చూడమని నన్నెవరూ కోరలేదు’ అనడం తప్పుడు వాదం కాదు. వ్యవహార న్యాయంలో అది నిలుస్తుంది. మాకు తోచేది ఇది: తీసుకొన్నందువలన కలిగే బాధ్యత ఒకటి, చూసినందువలన కలిగే బాధ్యత మరొకటి. మొదటిది ఒప్పందం వలన పుడుతుంది. రెండవది ఇరుగుపొరుగు అనే సంబంధం వలన పుడుతుంది. పక్కింటి పసివాడు వీధిలోకి పరుగెత్తుతుంటే, వానిని మనకు ఎవరూ అప్పగించలేదని ఊరుకొనము. పెట్టె పసివాడు కాదు, నిజమే. అందుచేత బాధ్యత చిన్నది కావచ్చును గాని లేకుండ పోదు.

ఎంత చిన్నది అన్నదే తరువాతి చిక్కు. వస్తువు వెలను బట్టి కొలుద్దామంటే పెట్టె మూసి ఉన్నది. అరచేతి పాటి డబ్బాలో చక్కెర వ్యాధికి ఇన్సులిన్ ఉండవచ్చును. పెద్ద పెట్టెలో అయిదు పౌండ్ల చెప్పులు ఉండవచ్చును. ఉపనిధికి వేరుగా పేరు పెట్టిన పెద్దల చూపు ఇక్కడ మనకు ఉపకరిస్తుంది. లోపల ఏమున్నదో తెలియనివాడు వెలను చూసి మసలుకొనలేడు. కాబట్టి ప్రతి పెట్టెనూ అవతలివానికి అక్కర ఉన్న వస్తువుగానే ఎంచవలెను. ఊహించరాదు, ఊపి చూడరాదు, విప్పరాదు.

ఇక భయం సంగతి. ‘లోపలికి తెచ్చి పెట్టుకొంటే, రేపు పగిలినదని మా మీదకే వస్తారు’ అనే మాట మన కుటుంబాలలో తరచు వింటాము. పరదేశంలో బ్రదికేవారికి ఈ జంకు సహజం. అయితే యాజ్ఞవల్క్యస్మృతి కాపాడినవానికి రక్షణ కూడ ఇచ్చినది. రాజు వలన గాని, దైవికంగా గాని, దొంగల వలన గాని పోయినదానిని అతడు చెల్లించనక్కరలేదు. ధర్మం అతనిని అడిగినది నమ్మకమే. అతని శక్తికి మించినది అడుగలేదు. ఎదురింటి తలుపు సందులో ఒక చీటీ వేసి, పెట్టెను లోపల ఉంచి, వారు వచ్చిన వెంటనే ఇచ్చివేయడం ఎవరి శక్తికీ మించినది కాదు. వారితో అంత పరిచయం లేకపోతే, వాన పడని మూలకు జరిపి చీటీ వ్రాసినా చాలును.

ఇంతవరకు పెట్టెను గురించి చెప్పినాము. తెచ్చిన మనిషిని గురించి కూడ చెప్పక తీరదు. గుమ్మంలో విసరి పోయినాడని అతనిని తిట్టుకోవడం సులభం. బ్రిటన్‌లో పార్సిళ్ళు తెచ్చేవారిలో చాలమందికి గంటల లెక్కన కూలి లేదు. పెట్టెకు ఇంత అని ఇస్తారు. మన తలుపు వద్ద నిలిచిన ప్రతి నిమిషం అతని సంపాదనలోనుండే పోతుంది. మా పూర్వులు మారిషస్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా పోయినవారు. అక్కడ ‘డబుల్ కట్’ అనే పద్ధతి ఉండేది. పనికి రాని ఒక్క దినానికి రెండు దినాల కూలి కోసేవారు. జ్వరపడిన మనిషికి కాలం ఎట్లు అప్పుగా మారుతుందో ఆ తోటలలో తెలిసినది. ఈనాటి డ్రైవరు ఒప్పంద కూలీ కాడు, రెండింటినీ ఒకటిగా చూపడం సరికాదు. అయినను మనిషి నిలబడే నిమిషానికి వెల కట్టినప్పుడు అతని శ్రద్ధ తరుగుతుందని మాత్రం ఆ చరిత్ర ఎరిగిన ఇండ్లవారికి వేరుగా చెప్పనక్కరలేదు. అజాగ్రత్తను ఎత్తిచూపడం తప్పు కాదు. ఎత్తిచూపేటప్పుడు, అది మనిషిదా, ఏర్పాటుదా అని విచారించుట మన విధి.

ఈ విచారణ అన్నిటికన్న ముఖ్యంగా అవసరమయ్యే ఘట్టం ఒకటి ఉన్నది. పెట్టె కనబడలేదని ఫిర్యాదు చేసి సొమ్ము తిరిగి తీసుకొన్న వారం దినాలకు, అదే పెట్టె చెత్తడబ్బా వెనుక దొరుకుతుంది. ఎవరూ అడుగరు. ‘పెద్ద కంపెనీకి ఇదొక లెక్కా?’ అని మనసు నచ్చచెప్పుతుంది. కాని దొరికిన పెట్టెను గురించి మౌనం వహించితే, పోగొట్టినాడనే మచ్చ తెచ్చిన మనిషి పేరు మీద అట్లే నిలిచిపోవచ్చును. అతడు తన పని చేసే ఉన్నాడు. ఇక్కడ ‘ఎలుకలు తిన్నవి’ అంటున్నది మనమే అవుతాము. దొరికినదని తెలిపి, సొమ్మునో వస్తువునో తిరిగి ఇవ్వడం తప్ప ఇందులో వేరు మార్గం మాకు కనబడదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఈసారి పొరుగింటి పార్సిల్ మీ ఇంటికి చేరినప్పుడు, దానిని ఇచ్చి రావడానికి పిల్లవానిని వెంట తీసుకొని వెళ్ళండి. పెట్టెను వాని చేతనే అవతలివారి చేతులలో పెట్టించండి. దారిలో ‘వదలడం’, ‘అప్పగించడం’ అనే రెండు మాటలకు భేదం ఏమిటో తెలుగులోనే వానిని అడగండి.